పట్టికలో చివరి పేరు

నవీకరణ కేంద్రంలో విరజ మూడో మంచం దగ్గరికి వచ్చేసరికి కనకవల్లిని అప్పటికే నిద్రలో ఆపి ఉంచారు. చెవి వెనక మూత తెరిచి, తీగ తగిలించి, లోపలున్నవాళ్లలో ఎవరు లేవాలో చెప్పే మేలుకొలుపు పట్టికను తెర మీదికి రప్పించింది.

గృహిణి 7.2. గృహిణి 7.1. గృహిణి 6.9. అన్నిటికన్నా కింద, అంకె లేకుండా, వల్లి.

"ఆ చివరి పేరేనండీ," అన్నాడు పక్కన కూర్చున్న భర్త భుజంగరావు. "మూడుసార్లు తీయించాను. గరికలా మళ్లీ మొలుస్తోంది."

"పైన పాతవి తీస్తే పోతాయి సార్. ఇది పోదు. పెళ్లి నమోదు రోజున గృహిణిని ఎక్కించారు గానీ, మెదడు కింది విభాగంలో అసలు ఆవిడ, వల్లిగారు, అలాగే ఉన్నారు. నవీకరణ జరిగినప్పుడల్లా పట్టిక అన్ని విభాగాలూ వెతికి, ఉన్నవాళ్ల పేర్లు రాసుకుంటుంది."

"ఉంటే ఉండనీ అనుకున్నాను. మొన్న పొరపాటున అదే లేచింది. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే బాల్కనీలో నిలబడి ఈల వేసిందండీ!"

"ఈలా?"

"ఈలే. కింద వాచ్‌మన్ చప్పట్లు కూడానూ. ఆ విభాగమే తుడిచెయ్యండి, పీడా పోతుంది."

విభాగం తుడిస్తే అందులోని మనిషిని ఎవరూ తిరిగి తేలేరు. అందుకే ముందు మనిషిని లేపి, అంగీకారం అడగాలని నియమం. ఎవర్ని లేపాలో ఎంచుకోవడానికి పట్టిక ఇచ్చే నిరీక్షణ సున్నా సెకన్లు కాబట్టి లేచేది ఎప్పుడూ మొదటి వరసే. ఏడేళ్లుగా విరజ అడిగిన ప్రతి గృహిణీ "ఆయన ఇష్టమండీ" అనే చెప్పింది. విరజ ఆ మాట నమోదు చేసి, తుడిచి, తర్వాతి మంచానికి వెళ్లేది. తన పట్టికలో ఎన్ని పేర్లున్నాయో ఆమెకు తెలియదు. ఇక్కడ పనిచేసేవాళ్లు సొంత పట్టిక చూసుకోకూడదు.

"త్వరగా కానివ్వమ్మా. ఇంటికెళ్లి వంట చెయ్యాలి ఆవిడ."

విరజ నిరీక్షణను నిలిపింది. బాణాన్ని కిందికి, ఇంకా కిందికి దించి, చివరి పేరు మీద నొక్కింది.

"అదేంటి, అది నొక్కారేంటి!" భుజంగరావు కుర్చీలోంచి లేచాడు.

మంచం మీది మనిషి కళ్లు తెరిచి, తన చేతులను ఎవరివో అన్నట్టు తిప్పి చూసుకుంది.

"అమ్మా, మిమ్మల్ని తుడిచెయ్యమంటున్నారు. మీకు ఇష్టమేనా?"

"కనకం, సరేనను," అన్నాడు భుజంగరావు. "ఇంటికి పోదాం."

వల్లి తల తిప్పి, తెర మీది పట్టికను పైనుంచి కిందికి చదివింది. మళ్లీ పైకి వెళ్లి అక్కడే ఆగింది.

"ఆ మొదటిది తుడవాలంటే ఎవర్ని అడగాలండీ?"

"ఎవరు లేచి ఉంటే వాళ్లని," అంది విరజ.