శుక్రవారం రెండింటి ఫోన్

జుమ్మా నమాజు అయ్యాక సరిగ్గా రెండింటికి సర్దార్ ఫోన్ మోగుతుంది. ఎనిమిదేళ్లుగా ఇంతే.

"ఏం జీ, అన్నం తింటిరా?"

"తింటిని."

"ఏం కూర?"

"పప్పుచారు."

పప్పుచారు అంటే చుట్టుపక్కల ఎవరూ లేరని. బిర్యానీ అన్నాడంటే పక్కన మనిషున్నాడని. పప్పుచారు వినగానే వజీరున్నీసా గొంతులోంచి ఇల్లాలు మాయమై ఆఫీసు వచ్చి కూర్చుంటుంది.

గల్ఫ్‌లో, అల్ హైల్ లేబర్ రూమ్‌లో అందరికీ సర్దార్ కడప నుంచి వచ్చిన ఏసీ మెకానిక్. ఢిల్లీలో ఒక ఫైలుకు మాత్రం ఏజెంట్ నైన్‌టీన్. వజీరున్నీసా అతని భార్య కాదు, ఆ ఫైలు తాలూకు గొంతు. మొహం తెలియదు, అసలు పేరు తెలియదు. అయినా వారమంతా అతను ఆ ఫోన్ కోసమే బతికేవాడు. ఈ సంగతి ఏ రిపోర్టులోనూ రాయలేదు.

"వినండి. సెలోరా దీవులు. ప్రెసిడెంట్ పదవికి పార్టీ ప్రైమరీ, అంటే పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే పోటీ. రేసులో ముగ్గురు. కమ్రాన్ ముందున్నాడు. వాని వెనక కోరల్ అనే విదేశీ ముఠా ఉండాది. వాడు గెలిస్తే రేవు వాళ్ల చేతికి పోతాది. మన ఓడలన్నీ ఆ రేవు ముందు నుంచే పోవాల."

"మిగతా ఇద్దరు?"

"నాదియా, జెరెమియా. ఆరు నెలలుగా టీవీల్లో తిట్టుకుంటాండారు. వాళ్లు ఓట్లు చీల్చుకుంటేనే కమ్రాన్‌కు గెలుపు. వచ్చే శుక్రవారం నాలుగింటికి మీ దగ్గర్లోనే ఖురియాత్‌లో, సముద్రం పక్క గెస్ట్‌హౌస్‌లో రహస్యంగా కలుస్తారు. జెరెమియా తప్పుకుని నాదియాకు మద్దతు ఇస్తాడు."

"అంతవరకు బతకనిస్తే."

"అందుకే మీరు. కబురిచ్చింది ఫర్జానా. రెండింటికి నేను ఓకే చెప్పినాక బయల్దేరండి."

తర్వాత ఆమె మౌనంగా ఆగింది. ఫోన్ పెట్టలేదు. గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్లలో ఇదొక పద్ధతి. ఇంటివాళ్లు ముందు ఫోన్ పెట్టరు, డ్యూటీకి పోవాల్సినవాడు పెడితేనే పెట్టినట్టు. దొంగ భార్య అయినా వజీరున్నీసా ఎనిమిదేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. సర్దార్ ఎప్పటిలాగే ఆ నిశ్శబ్దాన్ని రెండు నిమిషాలు విని, పెట్టేశాడు.

ఫర్జానా జెరెమియాకు కాంపెయిన్ మేనేజర్. నల్ల కళ్లద్దాలు, తెల్ల కారు, మనిషిని తూచే చూపు. మూడు నెలలుగా మనకు కబుర్లు అమ్ముతోంది. నెల కిందట ఆమె కారులో కూర్చుని ఉండగా రెండింటి ఫోన్ మోగింది. సర్దార్ "బిర్యానీ" అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. వజీరున్నీసా ఆ రోజు ధరల గురించి, వానల గురించి ఐదు నిమిషాలు మాట్లాడింది. ఫర్జానా నవ్వుతూ వింది.

శుక్రవారం వచ్చింది. టూల్ బ్యాగ్ సర్దుకుని, మిద్దె మీద నీడలో నిలబడ్డాడు. రెండింటికి ఫోన్.

"ఏం జీ, అన్నం తింటిరా?"

"తింటిని. పప్పుచారు."

"మీటింగ్ క్యాన్సిల్. జెరెమియా రాలేదు. రూమ్ దాటొద్దు."

"సరే."

టక్. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

సర్దార్ ముందు బాధపడ్డాడు, తర్వాతే అనుమానపడ్డాడు. గూఢచారికి ఈ వరస తప్పే, కానీ ఆ రోజు ఆ బాధే పనికొచ్చింది. గొంతు ఆమెదే, యాస ఆమెదే, మనిషే కాదు. ఆ రోజు కారులో స్పీకర్ నుంచి ఫర్జానా రికార్డు చేసుకున్న ఐదు నిమిషాల మాటలతో కంప్యూటర్ ఒక వజీరున్నీసాను తయారుచేసింది. ఆఫీసు నంబర్లు కొట్టి చూశాడు. ఒక్కటీ కలవలేదు, లైన్ కూడా ఎవరో కట్టేశారు.

కంపెనీ పికప్ ఎక్కాడు. గంటన్నర దారి. ఒక పక్క కొండలు, ఇంకో పక్క ఎండ, బండిలో తనొక్కడే. ఇప్పుడు చచ్చిపోతే ఫోన్ చేసి చెప్పడానికి నిజమైన నంబరంటూ తన దగ్గర ఒక్కటీ లేదని ఆ దారిలోనే తట్టింది.

మూడూ యాభై. గెస్ట్‌హౌస్ గార్డు నవ్వి గేటు తీశాడు. ముందురోజే హాల్లో రెండు ఏసీలు సర్వీస్ చేసి పోయిన మెకానిక్ కదా. సర్దార్ వెనకగోడ దగ్గర ఆగాడు. నిన్న రెండు పైపుల్లోంచీ నీళ్లు కారాయి. ఈ ఉక్కలో ఏసీ నడిస్తే కారి తీరాలి. ఇవాళ ఒక పైపు కింద నేల ఎండిపోయి ఉంది.

హాల్లోకి దూరాడు. "ఏసీ కంప్లైంట్."

"మేం పిలవలేదే," అంది నాదియా.

"నువ్వే పిలిచి ఉంటావు, మైకు పెట్టించడానికి," అన్నాడు జెరెమియా.

"నీ మాటలకు మైకెందుకు? నువ్వే ఊరంతా చెప్పుకుంటావుగా."

సర్దార్ స్టూల్ ఎక్కి, ఆగిపోయి ఉన్న ఏసీ మూత పీకాడు. లోపల బూడిదరంగు బాంబు పొట్లం, దానికి అంటించిన ఫోన్. కిటికీలోంచి చూస్తే కారు పక్కన ఫర్జానా, చేతిలో మొబైల్.

టూల్ బ్యాగ్‌లోంచి గ్యాస్ గేజ్ తీసి నాబ్ తిప్పాడు. దాని లోపల దాచిన, ఫోన్ సిగ్నల్ ఆపే జామర్‌కు ప్రాణం అరవై సెకన్లు.

ఫర్జానా నొక్కింది. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కింది. యాభై. చెమటకు కటింగ్ ప్లయర్ జారింది. యాభై ఐదు. రెండు చేతులతో పట్టుకుని వైరు తెంచాడు. గేజ్‌లో లైటు ఆరిపోయింది. ఆ మరుక్షణమే పొట్లం మీది ఫోన్ మోగింది. మోగుతూనే ఉంది, అంతకుమించి దానికి చేతకాలేదు.

గార్డు పిలిచిన పోలీసులు కారెక్కిస్తుంటే, ఇన్నాళ్లూ కోరల్‌కూ పనిచేసిన ఫర్జానా అడిగింది. "గొంతులో ఏం తేడా వచ్చింది?"

"గొంతులో ఏం తేడా లేదమ్మా," అన్నాడు సర్దార్.

సాయంత్రం జెరెమియా తప్పుకుని నాదియాకు మద్దతు ప్రకటించాడు. మరుసటి రోజు పొద్దునకల్లా ఆమెను మళ్లీ టీవీలో తిట్టడం మొదలుపెట్టాడు, ఈసారి సలహాల పేరుతో.

ఆ శుక్రవారమే ఆరింటికి, సర్దార్ ఇంకా ఖురియాత్‌లో ఉండగానే ఫోన్.

"ఏం జీ! యాడుండారు? రెండింటి నుంచి చేస్తాండా, కలవలే!" కోడ్ లేదు. అన్నం మాటే అడగలేదు.

"బతికే ఉండా. తప్పు నాదే. ఆమె ముందర స్పీకర్ పెట్టినా."

"ఎందుకు పెట్టినారు?"

"నా బాగోగులు అడిగే మనిషొకరు ఉండారని ఎవరికైనా వినిపించాలనిపించింది."

అవతల ఆమె ఏదో ఫైలు మూసిన చప్పుడు వినిపించింది.

"ఎనిమిదేండ్లలో మీరు ఒక్కసారీ ముందు ఫోన్ పెట్టలేదు," అన్నాడు. "అది రూలా?"

"రూల్ బుక్‌లో అట్లాంటిది యాడా లేదు," అంది మెల్లగా.

ఇద్దరూ ఫోన్ పెట్టలేదు. ఖురియాత్ సముద్రం హోరు ఢిల్లీ దాకా పోయింది.

మోసపు ఫోన్ ఎలా కనిపెట్టారని రిపోర్టులో ఒక గడి ఉంది. సర్దార్ ఆలోచించి, సాంకేతిక కారణాలు అని రాశాడు.