మాయమైన హాజరు రిజిస్టర్

బీరువా తలుపు తెరిచి ఉంది. పగిలిన తాళం కింద పడి ఉంది. కుట్టు సామాన్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పోయింది ఒక్కటే. ఇరవై నలుగురు అమ్మాయిల హాజరు రిజిస్టర్.

2011 అక్టోబరు. సిరిసిల్ల. శుక్రవారం ఉదయం 9.40.

సకల జనుల సమ్మె జోరుగా నడుస్తోంది. స్టేషన్లో వాళ్ళంతా బందోబస్తుకు పోతే, జగిత్యాల నుంచి మూడు రోజుల క్రితం డ్యూటీ మీద వచ్చిన ఏఎస్సై గులాం మొహియుద్దీన్ నెత్తిన పడింది ఈ కేసు. పుస్తకం దొంగతనమా అని ఆయన మొదట నవ్వుకున్నాడు. సంగతి విన్నాక నవ్వు ఆగిపోయింది.

బడి మధ్యలో మానేసి బీడీలు చుట్టే ఆడపిల్లలకు ఆ బీరువా ఉన్న సెంటర్లో ఓపెన్ టెన్త్ పాఠాలు, కుట్టుపని నేర్పుతారు. సోమవారంలోగా హాజరు చూపిస్తేనే హాల్ టికెట్లు. లేకపోతే అందరూ మళ్ళీ బీడీల చాట ముందుకే.

"ఎవరి మీద అనుమానం?"

"అనుమానమేంది సార్, కండ్లార చూసిన. శ్రావణి." మాస్టరు ప్రేమ్‌సాగర్ తడుముకోలేదు. కోరుట్ల మనిషి. ఎనిమిదేళ్ళుగా సిరిసిల్లలోనే కాపురం. "దానికి హాజరు తక్కువ. నిన్న మూడింటికి నేను లోపలి గదిల బట్ట కత్తిరిస్తున్న. సాంచాల చప్పుడుల తాళం పగులగొట్టుడు వినపడలే. బయటికొచ్చేసరికి మెట్లు దిగుతున్నది."

సాంచాలంటే మరమగ్గాలు. ఆ చప్పుడుకు మొహియుద్దీన్ తల మూడు రోజులుగా దిమ్మెక్కి ఉంది. మాస్టరు మాట నిజమే అనిపించింది.

శ్రావణిని పిలిపించాడు. పదిహేడేళ్ళ పిల్ల. ఏడో తరగతిలో బడి మానేసింది.

"నిన్న మూడింటికి వచ్చినవా?"

"వచ్చిన సార్. తలుపుకు తాళం ఉండె. మళ్ల పోయిన."

"మాస్టరు లోపలే ఉన్ననంటున్నడు."

పిల్ల తల దించుకుంది. ఏదో దాస్తోంది. మొహియుద్దీన్‌కు అనుమానం ముదిరింది.

"అసలు ఎందుకు వచ్చినవ్?"

"ఊకెనే వచ్చిన సార్."

మెట్ల కింద ఇంట్లో ఉండే నర్సవ్వే సెంటరు ఊడుస్తుంది. ఆమెను అడిగాడు.

"పిల్ల ఎక్కుడు చూసిన, దిగుడు చూసిన. చేతుల ఏం లేకుండె సారూ."

"నువ్వు నిద్రపోలేదా ఆ టైంల?"

"యాడి నిద్ర? ఒంటిగంటకు పోయిన కరెంటు ఐదింటికచ్చె. సాంచ ఆగితే మా ముసలాయన గుర్రు మొదలు. ఆ గుర్రుకు పండలేక గడపల కూసున్న."

మొహియుద్దీన్ నవ్వి నోట్‌బుక్ మూశాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. మళ్ళీ తెరిచాడు.

11.15. ముగ్గురినీ బీరువా ముందు కూర్చోబెట్టాడు.

"మాస్టరూ, మూడింటికి ఏం చప్పుడన్నరు?"

"సాంచాలు సార్. ఈ ఊర్లె ఎప్పుడుండేదే గదా."

"అదే మిమ్మల్ని ముంచింది. ఈ ఊరివాళ్ళందరికీ ఆ మాట నోటికొచ్చేస్తది. నిన్న ఒంటిగంట నుంచి ఐదు దాకా కరెంటు లేదు. ఒక్క సాంచ నడువలే. సూది పడ్డా వినపడేది. మీరు ఊర్లనే లేరు."

ప్రేమ్‌సాగర్ లేవబోయాడు. మొహియుద్దీన్ కూర్చోమని సైగ చేశాడు.

"మరి పిల్ల వచ్చిందని మీకెట్ల తెలిసింది?"

"నేనే చెప్పిన సారూ," నర్సవ్వ అందుకుంది. "నిన్న పొద్దుగూకినంక బండి దిగుకుంట ఎవరన్న వచ్చిన్రా అని అడిగిండు."

కుక్కిన పేనులా కూర్చున్న మాస్టరు చివరికి నోరు విప్పాడు. కోరుట్లలో సొంత టైలర్ దుకాణం తెరిచాడు. రెండు నెలలుగా పగలంతా అక్కడే. శనివారం తనిఖీ అని తెలిసి, తన సంతకాలు నింపుకోవడానికి నిన్న పొద్దున్నే రిజిస్టర్ తీసుకుపోయాడు. తాళం పగులగొట్టింది నిన్న సాయంత్రం.

"నింపి మళ్ల బీరువాల పెట్టేస్తే అయిపోయేది గదా?"

మాస్టరు, రిజిస్టర్ తెమ్మని కోరుట్లకు ఫోన్ కలిపాడు.

3.20కి ఆయన తమ్ముడు బండి మీద రిజిస్టర్ తెచ్చాడు. మొహియుద్దీన్ తెరిచాడు. 'బోధించినవారు' అన్న గడిలో వరుసగా నలభై ఒక్క రోజులు, గుండ్రటి అక్షరాలతో ఒకే పేరు. శ్రావణి. దిద్దితే కనిపిస్తుంది, చింపితే పేజీలు తగ్గినట్టు తెలిసిపోతుంది. అందుకే మాస్టరు పుస్తకాన్నే మాయం చేశాడు. నేరం కూడా ఆ పేరు మీదే వేశాడు.

"నువ్వు చెప్పినవా పాఠాలు?"

"అవును సార్. తలుపు, బీరువా తాళంచెవులు నర్సవ్వ దగ్గరుంటుండె. నిన్న పొద్దుగాల అవి సార్ పట్టుకపోయిండు. గడి ఖాళీ పెడితే క్లాసు కాలేదంటరని నా పేరు రాసిన."

"మరి పొద్దుగాల ఎందుకు చెప్పలే బిడ్డా?"

"సార్ వస్తలేడని తెలిస్తే సెంటర్ బంద్ పెడ్తరు. ఇప్పుడు పెడ్తరా సార్?"

దొంగను పట్టుకున్న రోజు ఇంత చిన్నతనం మొహియుద్దీన్‌కు ఎన్నడూ అనిపించలేదు. పెట్టరని చెప్పే అధికారం ఆయనకు లేదు.

"రేపు తనిఖీకి వచ్చే మేడమ్‌కు ఈ గడి నేనే చూపిస్త. నా చేతిల ఉన్నది గంతే." పుస్తకం ఆమె ముందుకు జరిపాడు. "ఇయ్యాల హాజరు తియ్యలే గదా. తియ్యి."

వరండాలో పొద్దున్నుంచీ నిలబడ్డ అమ్మాయిలు లోపలికొచ్చి కూర్చున్నారు. శ్రావణి కళ్ళు తుడుచుకుని మొదటి పేరు పిలిచింది.