ఎండలో చెప్పిన మాట

కోటేశ్వరమ్మ కాఫీ గ్లాసు చేతిలో పట్టుకునే వసారాలో మంచం మీద నిద్రపోయింది. చిన్నకూతురు త్రిపుర వచ్చి గ్లాసు మెల్లగా తీసి కింద పెట్టింది. వీధిలో మిరపకాయల బస్తాల బళ్ళు గోలగోలగా పోతున్నా ఆవిడ కదల్లేదు.

పెద్దకూతురు ప్రసూనకి పురుడు పొయ్యడానికి అమెరికా వెళ్ళి, ఐదు నెలలుండి, సోమవారమే ప్రత్తిపాడు తిరిగొచ్చింది కోటేశ్వరమ్మ. అప్పటినుంచీ పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ. అక్కడ పగలైతే ఇక్కడ రాత్రి కదా, ఒళ్ళు దారిలో పడడానికి వారం పడుతుందని భర్త శేషాచలం మాస్టారు అన్నాడు.

త్రిపురకి అంత వ్యవధి లేదు. అమెరికాలోనే ఉన్న తన మరిదికి త్రిపురని చేసుకుందామని ప్రసూన అడిగితే, కోటేశ్వరమ్మ సరేనని మాటిచ్చి వచ్చింది. ఆదివారం అద్దంకి నుంచి వియ్యాలవారు తాంబూలాలకు వస్తున్నారు. త్రిపురేమో బాపట్లలో వ్యవసాయం చదివి, కిందటేడే ఆ శాఖలో ఉద్యోగంలో చేరింది. తెల్లదోమ పట్టి పత్తిచేలు నల్లబడుతుంటే రైతుల వెంట గట్లమీద తిరుగుతోంది. ఆ పని వదిలి ఎక్కడికీ వెళ్ళాలని లేదు. నిన్న మధ్యాహ్నం అమ్మ పక్కన కూర్చుని, ధైర్యం తెచ్చుకుని అంతా చెప్పింది. చివర్న తలెత్తి చూస్తే, అమ్మ నిద్రలో ఉంది.

కాసేపటికి లేచిన కోటేశ్వరమ్మ, ఆదివారానికి ఆకుపచ్చ పట్టుచీర తీసి పెట్టుకోమంది. త్రిపుర గొంతు పెంచలేదు.

“అక్క కోసం ఐదు నెలలు రాత్రీ పగలూ మేలుకున్నావు. నేను చెప్పే నాలుగు మాటలకి మేలుకోలేకపోయావమ్మా.”

మాస్టారు కూతుర్ని మందలించబోయాడు. కోటేశ్వరమ్మ వద్దని చెయ్యి ఊపి, ఏం చెప్పావని అడిగింది. ఒకసారి చెప్పాను, మళ్ళీ చెప్పలేనంటూ త్రిపుర వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కోటేశ్వరమ్మకి రెప్పలు మళ్ళీ వాలిపోతున్నాయి. బయల్దేరేటప్పుడు ప్రసూన చెప్పింది గుర్తొచ్చింది: పగలు పడుకోకు, ఎండలో తిరుగు. లేచి, చన్నీళ్ళతో ముఖం కడుక్కుని, నెత్తిన కొంగు కప్పుకుని, నీళ్ళచెంబు చేతబట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

“గురవమ్మ మిరపకళ్ళానికి పోదాం పదవే. ఎండలో నిద్ర రాదు. వింటాను.”

కళ్ళంలో ఎర్రగా ఎండుతున్న కాయల ఘాటుకి ఇద్దరూ దగ్గారు. రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న గురవమ్మ అమెరికా కబుర్లు అడిగింది. ఆవిడకి రేపు చెబుతానని, కోటేశ్వరమ్మ కూతుర్ని తీసుకుని కళ్ళం అవతలి వైపుకి నడిచింది. కళ్ళు మూతపడబోతే నీళ్ళచెంబు వంచుకుని ముఖం తడుపుకుంది. త్రిపుర అంతా మళ్ళీ చెప్పింది.

కోటేశ్వరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

“పగలు అక్కా బావా ఆఫీసులకి పోతే, పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని మాట్లాడే మనిషి లేక కూర్చునేదాన్నే. నువ్వూ అక్కడుంటే మీ అక్కకి తోడనుకున్నాను. నీ సంగతే ఆలోచించలేదమ్మా.”

త్రిపురకి కళ్ళనీళ్ళొచ్చాయి. “అక్కకి కోపం వస్తుంది.”

“నా మీద రానీ. మాటిచ్చింది నేను కదా.”

ఆ సాయంత్రం సంబంధం వద్దని చెప్పడానికి మాస్టారు వెనకాడాడు. ఉత్తరం రాద్దామన్నాడు. ఇలాంటిది ఎదురుగా కూర్చుని చెప్పాలని, మర్నాడు పొద్దున్నే కోటేశ్వరమ్మ త్రిపురతో అద్దంకి బస్సెక్కింది.

వియ్యపురాలు వింటూ ముఖం ముడుచుకుంది. తప్పంతా నాదేనని, పిల్లనడక్కుండా మాటిచ్చానని కోటేశ్వరమ్మ ఆవిడ చేతులు పట్టుకుంది. వియ్యపురాలు, తాంబూలాలు కాకముందే చెప్పారు, అదే నయమని, భోంచేసి వెళ్ళమంది.

తిరుగు బస్సులో కోటేశ్వరమ్మ కిటికీ పక్కన కూర్చుంది. బయట మధ్యాహ్నపుటెండలో చేలు వెనక్కి పోతున్నాయి. కాసేపు చూసి, కూతురివైపు తిరిగింది.

“నువ్వు తిరిగే ఊళ్ళు ఎటువైపే?”

త్రిపుర వేలెత్తి చూపించింది. ఒక్కో ఊరి సంగతీ చెబుతుంటే, కోటేశ్వరమ్మ మధ్యమధ్యలో ఆపి ప్రశ్నలు అడుగుతూ వింది.