ఇడిసిన సొర

భానుప్రసాద్‌ను మూడేండ్లుగా ఒకే ఒక్క అక్షరం వెంటాడుతోంది. ఆ అక్షరం 'కు'.

ఆనాడు నిజాంసాగర్ నీళ్లలో సుకన్య తనతో "ఇడువు" అన్నదా, "ఇడువకు" అన్నదా? పడవ ఇంజను చప్పుడులో ఆ మాట చివర తెగిపోయింది. చివర 'కు' ఉందో లేదో తేల్చుకునేలోపే భాను పట్టు వదిలేశాడు. పిల్ల నీళ్లలో మునిగింది. చేపలు పట్టేవాళ్లు పడవలోకి లాగారు కాబట్టి బతికింది. కానీ ఆ సాయంత్రమే వాళ్ల మేనమామ వచ్చి ఇంటికి తీసుకుపోయాడు. మళ్లీ కనబడలేదు.

అసలు ఈ కష్టమంతా మల్లికార్జున్ వల్ల వచ్చింది. సముద్రం ఎటు దిక్కు ఉంటుందో సరిగా తెలియని బోధన్‌లో పుట్టి, సొరచేప సినిమా తీస్తానని కూర్చున్నాడు. పేరు 'మంజీరలో సొర'.

"అన్నా, సముద్రంల ఉండే సొర నిజాంసాగర్‌కు ఎట్ల వస్తది?" అని భాను అప్పుడే అడిగాడు.

"గోదారి పొంటి ఎదురీది, మంజీరల మలుపుకుంటది. నువ్వు లాజిక్ అడుగకురా, భయపడు."

చెరుకు ట్రాలీలు తయారుచేసే షెడ్డు భానుది. ట్రాలీలకు వాడే ఇనుప చువ్వలు వంచి, లోపల ప్లాస్టిక్ డ్రమ్ములు కట్టి, పైన నల్ల రెగ్జిన్ తొడిగి సొరను తయారుచేశాడు. సైకిల్ బ్రేకు నొక్కితే నోరు తెరుస్తుంది, వదిలితే మూస్తుంది. లోపల కూర్చుని దాన్ని ఆడించడానికి ఎవరూ ముందుకు రాకపోతే, చేసినవాడే ఎక్కి కూర్చున్నాడు. పడవకు తాడు కట్టి సొరను లాగేవారు.

హైదరాబాదు నుంచి వచ్చిన హీరోయిన్ నీళ్లను చూసి, "నా ముఖం వరకే తీసుకోండి" అన్నది. అందుకని కాళ్లకూ వీపుకూ సుకన్యను తెచ్చారు. నందిపేట్‌లో పసుపు పండించే వాళ్ల బిడ్డ. నిజామాబాద్ కేబుల్ ఛానల్‌లో వార్తలు చదువుతుంది. టీవీలో ఆమె తెలుగు ఒకటి, ఇంట్లో ఆమె తెలుగు ఇంకొకటి.

షాటుకు ముందు ఆమె వచ్చి సొర నోటి దగ్గర వంగింది.

"భానూ, నాకు ఈత రాదు. మల్లన్నకు చెప్పకు, తీసేస్తడు."

"మరి ఎట్ల?"

"నా కాలు గట్టిగ పట్టుకో. డైలాగుల 'వదులు, వదులు' అని మొత్తుకుంట. గది సినిమా మాట, పట్టించుకోకు. నిజంగ ఇడువాల్నంటే 'ఇడువు' అంట. గది మన ఇంటి మాట. సమజైందా?"

సమజైంది. అందుకే సినిమా మాట ఎన్నిసార్లు వినబడినా వదలలేదు. ఇంటి మాట వినబడగానే వదిలాడు. ఆ వెంటనే సొర కూడా వెనక్కి ఒరిగి మునగసాగింది. వీపు మీది మూత తెరుచుకుని బయటపడి, డ్రమ్మును పట్టుకుని చుట్టూ చూస్తే సుకన్య లేదు. నీళ్లు తప్ప ఏమీ లేవు. అప్పుడు భాను చేతులెత్తే వీలు లేక నోటితోనే మొక్కుకున్నాడు.

"గంగమ్మ తల్లీ, పిల్లను బయటెయ్యి. ఇద్దరం కలిసొచ్చి నీకు కొబ్బరికాయ కొడతం."

గంగమ్మ తన మాట నిలబెట్టుకుంది. భాను నిలబెట్టుకోలేకపోయాడు. 'కొడత' అని మొక్కి ఉంటే మరునాడే తీరిపోయేది. 'ఇద్దరం', 'కొడతం' అన్నాడు. ఆ రెండోమనిషిని ఎక్కడి నుంచి తెస్తాడు? ఏ ముఖం పెట్టుకుని పిలుస్తాడు?

ఒకసారి తండ్రి దేవన్నను మెల్లగా అడిగాడు.

"బాపూ, ఇద్దరి పేర మొక్కిన మొక్కు ఒక్కడే తీర్చుకోవచ్చా?"

"ఇద్దరి మొక్కు ఒక్కడు తీరిస్తె సగమే తీరుతది. మరి కొబ్బరికాయ సగం కొడతవా?" అన్నాడు దేవన్న. ఆ తర్వాత కళ్లు చిన్నవి చేసి, "ఆ రెండో మనిషి ఎవలురా?" అన్నాడు.

భాను మళ్లీ ఆ ముచ్చట తీయలేదు. దేవతకు ఏకవచనం, బహువచనం పట్టింపు ఉంటుందా అని రాత్రిళ్లు ఆలోచించేవాడు. ఉండకపోవచ్చు. కానీ అన్నమాట అన్నమాటే కదా. ఏటా ఒక కొబ్బరికాయ కొనేవాడు. ఎదురుచూసి ఎదురుచూసి అది ఇంట్లో పచ్చడి అయ్యేది.

ఇక సినిమా సంగతి. భయపడాల్సిన జనం పడీపడీ నవ్వారు. కాలు పట్టుకున్న సొర, అమ్మాయి అడగగానే మర్యాదగా వదిలేసిన ముక్క ప్రతి ఫోన్‌లోనూ తిరిగింది. బోధన్ బస్టాండులో భానును చూస్తే చాలు, "ఏమ్రా ఇడిసిన సొరా, బాగున్నవా?" అనేవారు. అందరికీ అది నవ్వులాట. అతనికి మాత్రం ప్రతిసారీ ఆ 'కు' గుచ్చుకునేది.

నవ్వినా సినిమా ఆడింది. ఆడింది కాబట్టి రెండో భాగం మొదలైంది. ఈసారి సొర కాలువలో పడి చెరుకు తోటల్లోకి వస్తుందట.

"అన్నా, చెరుకు తోటల..." అని భాను నోరు తెరిచాడు.

"భయపడురా!" అన్నాడు మల్లికార్జున్. "ఏమైనా గానీ అదే సొర, అదే పిల్ల. మొదటి భాగం ఏడ ఆగిందో ఆడికెంచే మొదలు. సుకన్య ఒప్పుకున్నది. ఈసారి ముఖం గూడ ఆమెదే."

భాను చేతిలోని వెల్డింగ్ రాడ్ కింద పడింది.

* * *

షూటింగ్ రోజు ముసురు పట్టింది. నిజాంసాగర్ మీద వాన దారాలు దారాలుగా దిగుతోంది. మరునాటి నుంచి చెరుకుకు కాలువల్లోకి నీళ్లు వదులుతారు. ఆ తర్వాత నీళ్లు దిగిపోయి, ఒడ్డున ఈ చోటు షాటుకు పనికిరాదు. నీళ్లలో పని ఉన్నది ఈ ఒక్క రోజే. సుకన్యకు మిగతా పనంతా హైదరాబాదులోనే. ఇవాళ అడగకపోతే ఇక ఎన్నటికీ అడగలేనని భానుకు తెలుసు. పనిముట్ల సంచిలో ఈ ఏటి కొబ్బరికాయ పెట్టుకుని వచ్చాడు.

సుకన్య కారు దిగింది. వెనకే గొడుగు పట్టుకుని వాళ్లమ్మ వసంతమ్మ దిగింది. "పోయినసారి పిల్ల మునిగింది. ఈసారి నేను ఒడ్డు మీదనే కూసుంట" అని ముందే చెప్పి వచ్చిందట.

భాను ఎదురెళ్లాడు. "సుకన్యా, బాగున్నవా?"

ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"క్షేమంగానే ఉన్నాను. దయచేసి కొంచెం పక్కకు జరగండి. వాహనంలోని సామాను దించుకోవాలి."

సౌండ్ చూసే సమద్ పక్కనే ఉన్నాడు. నిజామాబాద్‌లో వాళ్ల నాన్నది రేడియోలు బాగుచేసే దుకాణం. చిన్నప్పటి నుంచీ అతనికి కళ్లకంటే చెవులే ముందు.

"భాను భాయ్, వార్తల తెలుగు మాట్లాడ్తుంది. అంటే కోపం మస్తుగుంది."

"నీకెట్ల తెల్సు?"

"కారు దిగంగనే నాతోని రెండు ముక్కలు మాట్లాడింది గదా. 'సమద్ అన్నా, చాయ్ తాగినవా?' అన్నది. నువ్వు వస్తుంటె చూసి 'వాతావరణం మేఘావృతమై ఉంది' అన్నది."

వాన ఎక్కువై అందరూ టార్పాలిన్ కిందికి చేరారు. సొరను కూడా దాని కిందికే లాగారు. చోటు లేక సుకన్య వచ్చి సొర వీపు పక్కన నిలబడింది. జడ నుంచి ఒక్కో చుక్క రెగ్జిన్ మీద పడుతోంది. భాను చాయ్ గ్లాసు అందించాడు.

"ధన్యవాదాలు" అన్నది.

"సుకన్యా, ఒక్క మాట అడగాలె."

"విలేకరుల ప్రశ్నలకు సమాధానం చిత్రీకరణ అనంతరం."

"నేను విలేకరిని గాదు."

"తెలుసు. మీరు సొర."

అనేసి, పెదవి కొరుక్కుని అటు తిరిగింది. నవ్వు ఆపుకుందా, ఏడుపు ఆపుకుందా అన్నది భానుకు అర్థం కాలేదు. వాన సన్నబడింది. మల్లికార్జున్ మైకులో "అరేయ్ భాను, సొరలకు ఎక్కు!" అని కేకేశాడు.

* * *

ఈసారి సుకన్యకు లైఫ్ జాకెట్ వేసి పైన చీర కప్పారు. మెడ దగ్గర చిన్న మైకు. చుట్టూ రెండు పడవలు. "యాక్షన్" అనగానే సొర నోరు తెరుచుకుంది. లోపలి నుంచి భాను చేయి వచ్చి ఆమె చీలమండను పట్టుకుంది.

"వదులు! వదులు నన్ను!" సుకన్య అరిచింది.

భాను వదలలేదు.

"కట్! సూపర్! ఓకే!" అన్నాడు మల్లికార్జున్.

భాను వదలలేదు.

"కట్ అన్నారు. వినిపించలేదా?" అన్నది సుకన్య సొర నోట్లోకి వంగి.

"ఇనబడ్డది. ఈసారి ఇడువ. ముందు చెప్పు. ఆనాడు 'ఇడువు' అన్నవా, 'ఇడువకు' అన్నవా?"

ఆమె ముఖం మారిపోయింది.

"ఏంది?" అన్నది. వార్తల తెలుగు ఒక్కసారిగా నీళ్లలో కొట్టుకుపోయింది.

"ఇంజన్ సప్పుడుల 'కు' ఇనబడలే. ఇడువకు అన్నవేమో, నేను ఇడిసి నిన్ను ముంచిన్నేమో అని మూడేండ్ల సంది గిదే రంది, గిదే బాధ. అందుకే నీకు ఫోన్ చెయ్యలే. ఏ మొఖం పెట్టుకొని చేస్త?"

ఒడ్డున కాపలాకు నిలబడిన మత్స్యకారుడు నర్సన్న పక్కవాడితో, "ఈ పిల్ల సొరతోని కొట్లాడుతుందేందిరా?" అన్నాడు. పడవలో ఉన్న సమద్ మాత్రం హెడ్‌ఫోన్లు రెండు చేతులతో నొక్కి పట్టుకున్నాడు.

"పిచ్చోడా!" అన్నది సుకన్య. "ఇడువు అనే అన్న. పడవ ఫ్యానుకు తాడు సుట్టుకున్నది. నీ సొర తోక మునుగుతున్నది. నువ్వు లోపలున్నవ్, నీకు కనబడది. ఒక చెయ్యి నా కాలు పట్టుకునుంటె మూత ఎట్ల తీస్తవ్? అందుకే ఇడువుమన్న."

ఈత రాని పిల్ల, భానును కాపాడడానికి తన కాలు వదిలేయమన్నది.

"మరి... మరి కోపం ఎందుకు?"

"ఎందుకా?" అన్నది సుకన్య. "ఇడువుమన్న నిజమే! గని గంత జల్ది ఇడుస్తరా ఎవలన్న? ఒక్కసారి 'ఇడువ' అనాల్నా లేదా? సరే, పానం మీదికొచ్చింది, ఇడిసినవ్. తెల్లారి రావాల్నా లేదా? వారం చూసిన. నెల చూసిన. ఫోన్ మోగితె చాలు ఉరుకుదును. ఇడిసిన మనిషి ఇడిసినట్టే పోయిండనుకున్న."

"నేను..."

"ఆగు. నేనింకా అయిపోలే. ఇప్పుడు నాకు ఈత వస్తది. మా బాయిల నేర్చుకున్న. నువ్వు పట్టుకోకున్నా మునుగ. అయినా ఈ సినిమాకు వచ్చిన. ఎందుకొచ్చిన్నో జర సోంచాయించు."

సొర నోరు తెరుచుకునే ఉంది. లోపల భాను కొంచెం ముందుకు జరిగాడు.

"సుకన్యా."

"ఊఁ."

"గంగమ్మకు ఒక బాకీ ఉన్న. ఇద్దరం కలిసొచ్చి కొబ్బరికాయ కొడతం అని మొక్కిన, నువ్వు నీళ్లల కనబడనప్పుడు. ఒక్కన్నే తీర్చలేను. వస్తవా?"

"ఒక్క కొబ్బరికాయకేనా?"

"కాదు" అన్నాడు భాను. "గది మొదలు."

సుకన్య కళ్లు దించుకుంది. నీళ్లలో ఉన్నా ఆమె చెంపలు వెచ్చగా ఎర్రబడ్డాయి.

"ముందైతే కాలు ఇడువు. తిమ్మిరెక్కింది" అన్నది.

"ఇడువా, ఇడువకా?"

"ఇడువు!" అన్నది గట్టిగా. తర్వాత మైకు సంగతి మరిచి, మెల్లగా, "చెయ్యి పట్టుకో" అన్నది.

పడవలో సమద్ హెడ్‌ఫోన్లు తీసి, "మల్లన్నా, సౌండ్ ఓకే! దీనికి డబ్బింగ్ అవసరం లేదు!" అని అరిచాడు.

* * *

ఒడ్డున చేపలు పట్టేవాళ్లు కొలిచే గంగమ్మ రాయి ఉంది. తడిసిన బట్టలతో ఇద్దరూ అక్కడికి వచ్చేసరికి వసంతమ్మ ముందే నిలబడి ఉంది. ఒడ్డున వినడానికి సమద్ పెట్టిన ఇంకో జత హెడ్‌ఫోన్లు ఆమె మెడలో వేలాడుతున్నాయి. భాను టక్కున సుకన్యకు ఒకడుగు దూరం జరిగాడు.

"అమ్మా, నువ్వు... అంతా..." అన్నది సుకన్య.

"అంతా ఇన్న. మూడేండ్ల సంది నువ్వు ఫోన్ ఎందుకు సూస్తున్నవో గిప్పుడు తెల్సింది." ఆమె భాను వైపు తిరిగింది. "ఏం పిలగా, మొక్కిన మొక్కు మూడేండ్లు ఉంచుకుంటరా? గంగమ్మ తల్లి కోపం చెయ్యలేదని లోకువనా?"

"లేదమ్మా. ఇద్దరం అని నోట్లకెళ్లి వచ్చింది. ఒక్కన్ని వస్తె అబద్ధమైతదని..."

వసంతమ్మ అతన్ని తేరిపార చూసింది. పొరపాటున నోరు జారిన ఒక్క మాటను కూడా దేవత ముందు మార్చడానికి భయపడినవాడు. ఆమె ముఖం మెత్తబడింది.

"మీ బాపును ఒకసారి నందిపేట్ రమ్మను. మిగిలిన ముచ్చట పెద్దమనుషులం మాట్లాడుకుంటం" అన్నది. సంచిలోంచి పొట్లం తీసింది. తమ చేనులో పండిన పసుపు. రాయికి తానే పూసి, కుంకుమ పెట్టి పక్కకు జరిగింది. "ఊఁ, కానియ్యుండ్రి."

భాను సంచిలోంచి కొబ్బరికాయ తీశాడు. సుకన్య అతని చేతి మీద చేయి వేసింది. ఇద్దరి చేతులూ ఒక్కసారే లేచాయి.

ఒక్క దెబ్బకు కాయ రెండుగా పగిలింది. తియ్యటి నీళ్లు పసుపు రాయి మీదుగా జారి, నిజాంసాగర్‌లో కలిశాయి.