మిద్దె మీది గది ఖాళీ అవుతోంది

“కాస్త ఆగండి మేడమ్. ఆ సంచి ఒకసారి ఇట్లా ఇయ్యండి.”

చెత్తబండి పక్కన నిలబడ్డ యువకుడు చెయ్యి చాపాడు. కోమలి సంచిని వీపు వెనక దాచుకుంది.

“ఎందుకు?”

“లోపల ఏముండాదో చూడాల.”

“ఆడపిల్లల చేతిలో సంచి విప్పి చూసే ఉద్యోగం కూడా ఉంటాదా సార్?”

“ఉంటాది,” అంటూ అతను మెడలోని కార్డు ఎత్తి చూపించాడు. వార్డు సచివాలయం, శానిటేషన్ సెక్రటరీ, యోగానంద. “తడి చెత్త వేరే, పొడి చెత్త వేరే ఇయ్యాలని నిన్ననే మైకులో చెప్పినాం. మీ సంచిలో బెండకాయ తొడిమలు, గుడ్డ పేలికలు, పాల ప్యాకెట్లు కలిసి కాపురం చేస్తాండాయి. పైకే కనిపిస్తాంది.”

నగరిలో ఆ వీధి వీధంతా మరమగ్గాలు. వాటి చప్పుడులో మామూలుగా ఎవరి మాట ఎవరికీ వినపడదు. ఆ పొద్దు కరెంటు పోయింది. అందుకే వీధిలో అందరికీ అన్నీ వినపడ్డాయి.

కోమలి అతన్ని తేరిపార చూసింది. నాలుగు రోజుల క్రితం తమ మిద్దె మీది గదిలో అద్దెకు దిగిన మనిషి ఇతనే.

“సార్, మీరు మా మిద్దె మీదే కదా ఉండేది? మీ కిటికీకి మూడు క్యారీ బ్యాగులు వేలాడతాండాయి. దినమూ సాయంత్రం సాంబారు కవర్లో వస్తాది, చట్నీ ఇంకో కవర్లో వస్తాది. వాకిట్లో నీళ్ళ క్యాన్లు తన్నుకుని నేనే రెండుసార్లు పడినాను. ముందు మీ ఇంట్లో చేసి చూపించండి. ఆమీట మా సంచులు విప్పుదురు గాని.”

వీధి గొల్లుమంది. బండి తోలే అతను కూడా మొహం తిప్పుకుని నవ్వాడు.

యోగానంద చెవులు ఎర్రబడ్డాయి. గట్టిగా ఏదో అంటాడనుకుంది కోమలి. అతను మాత్రం “సరే,” అన్నాడు. అంతే.

ఆ ఒక్కమాటే ఆమెను రోజంతా కుట్టుమిషను మీద కుదురుగా ఉండనివ్వలేదు. తిట్టే మనిషి లోపల ఏముందో తెలుస్తుంది. సరే అనే మనిషిని ఎట్లా నమ్మేది?

*

వారం తిరిగేసరికి కిటికీకి వేలాడే క్యారీ బ్యాగులు కనిపించలేదు. ఇంకో వారానికి నీళ్ళ క్యాన్లు పోయాయి. యోగానంద ఒక మట్టికుండను భుజాన పెట్టుకుని, పసిబిడ్డను మోసినట్టు జాగ్రత్తగా మెట్లెక్కడం స్టెల్లా చూసింది. కోమలి దగ్గర కాజాలు, గుండీలు కుట్టే పిల్ల స్టెల్లా. కళ్ళకి పని చెప్పినంతగా సూదికి చెప్పదు.

ఒక శనివారం అతను ముందుగదిలోని టైలరింగ్ షాపుకి వచ్చి, చొక్కా ఒకటి బల్ల మీద పెట్టాడు.

“మోచేతి దగ్గర చినిగింది. అతుకు వెయ్యాల.”

“ఆఫీసర్లు అతుకు చొక్కాలు ఏసుకుంటారా?”

“ఆఫీసర్ని కాదండీ, చెత్త సెక్రటరీని.”

“కొత్తది కొనుక్కోవచ్చు కదా.”

“దీనికి ఇంకా ప్రాణముండాది. చూడండి, కాలరు ఎంత పొగరుగా ఉండాదో.”

కోమలికి నవ్వొచ్చింది. నవ్వు కనపడకుండా తలొంచి దారం ఎక్కించబోయింది. దారం మూడుసార్లు సూదిని తప్పింది.

తర్వాతి శనివారం పాత ప్యాంటు తెచ్చాడు. దాన్ని సంచి చేయాలట. ఆ తర్వాత దుప్పటి. ఆ తర్వాత నీలం గీతల చొక్కా.

“మే కోమలీ,” అంది స్టెల్లా, అతను వెళ్ళాక ఆ చొక్కాను వెలుతురుకి ఎత్తిపట్టి. “ఈ చినుగు చూడు. మేకుకి తగులుకుంటే ఇంత నేరుగా చినుగుతాదా? స్కేలు పెట్టి గీసినట్టుండాది.”

“నీకు అన్నీ అనుమానాలే.”

“నాకా? ఎర్ర దారంతో కుడతాండావు నీలం చొక్కాకి. నీ సంగతి చూసుకో.”

కోమలి దారం వైపు చూసి నాలుక కరుచుకుంది.

*

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన దిగింది. ఆరేసిన చీరలు తీయడానికి కోమలి మిద్దెమీదకి పరిగెత్తింది. చీరలన్నీ చేతుల మీద వేసుకుని వెనక్కి తిరిగేసరికి యోగానంద గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల చూసి ఆమె అక్కడే నిలబడిపోయింది.

కుర్చీలు లేవు. టేబులు లేదు. కూలరు లేదు. ఒక చాప, ఒక కుండ, రెండు స్టీలు పళ్ళేలు, గోడకి ఒక సంచి.

“లోపలికి రండి, తడిసిపోతారు,” అన్నాడు అతను. నెత్తి మీద తువ్వాలుతో, తూము కింద బకెట్టు పెడుతున్నాడు. వాన అతని కనురెప్పల మీద నుంచి కారుతోంది. వేరే రోజయితే కోమలి ఆ రెప్పల్ని చూసి ఉండేది.

“కూర్చోమనేదానికి కుర్చీ యాడుండాది సార్ మీ ఇంట్లో?”

“ఇచ్చేసినాను. ఒక్క మనిషికి నాలుగు కుర్చీలెందుకు?”

“కూలరు?”

“అదీ ఇచ్చేసినాను.”

“ఎందుకు?”

అతను ఏదో చెప్పబోయి ఆగాడు. “ఇంకో రెండు నెలలు ఆగండి. అప్పుడు చెప్తాను.”

కోమలి తడి చీరలతో మెట్లు దిగింది. రెండు నెలలకి ఏం చెప్తాడు?

కింద ఆమె తల్లి తిరుమలమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కూతురి మొహం చూసి ఒలవడం ఆపింది.

“కూలరు కూడా పోయిందా?”

“నీకెట్లా తెలుసు మా?”

“నిన్న సాయంత్రమే దించినారు. నేను చూస్తానే ఉండాను.” తిరుమలమ్మ గొంతు తగ్గించింది. “మీ నాయన కూడా ఇట్లనే కదా మే. మొదట సైకిలు. ఎందుకయ్యా అంటే నడిస్తే మంచిదన్నాడు. ఆమీట రేడియో. ఆమీట గోడగడియారం. ప్రతిదానికీ ఒక మంచిమాట. కడాకు, నూలు తెస్తానని చెన్నై రైలెక్కినాడు.”

అప్పటికి కోమలికి తొమ్మిదేళ్ళు. ఇప్పుడు ఇరవై ఏడు. ఆ నూలు ఇంకా రాలేదు.

“పొయ్యేవోడు ఒక్కనాడే పోడమ్మే. దినానికి కొంచెం కొంచెం పోతాడు. నువ్వు ఆ పిల్లోడి గుడ్డలు కుట్టొద్దు.”

“కుట్టను,” అంది కోమలి. శనివారం వచ్చింది. కుట్టింది.

కానీ మనసులో పురుగు దూరాక అన్నీ దానికి సాక్ష్యాలే. అతను సచివాలయానికి నడిచి వెళ్తుంటే సాక్ష్యం. అంగట్లో ఏమీ కొనకుండా ఇంటికొస్తే సాక్ష్యం. ఒకరోజు మెట్ల మీద ఫోనులో, “ఇంక బండి ఒకటే. అదీ పంపించేస్తే నా పని అయిపోయినట్టే,” అని నవ్వుతుంటే విని, ఆమెకి అన్నం దిగలేదు. మూడో రోజు పుత్తూరు నుంచి ఎవరో వచ్చి అతని మోటారుసైకిలు తోలుకుపోయారు.

“బండి పోయింది,” అంది తిరుమలమ్మ, ఎవరో పోయినట్టు.

కోమలికి కోపం వచ్చింది. తల్లి మీద కాదు, అతని మీదా కాదు. తన మీద. వెళ్ళిపోయే మనిషికి శనివారాలన్నీ ఇచ్చుకున్నందుకు.

*

నవంబరులో ఆదివారం పొద్దున. మెట్ల మీద అడుగులు బరువుగా దిగాయి. కిటికీలోంచి చూస్తే యోగానంద. భుజాలకి రెండు పెద్ద సంచులు, పొంగిపోయి ఉన్నాయి. పాత ప్యాంట్లు చీల్చి కోమలే కుట్టిన సంచులు. గదికి తాళం. అతను తల తిప్పకుండా స్టేషను దారి పట్టాడు.

“చెప్పినానా?” అంది తిరుమలమ్మ. గెలిచినట్టు లేదు ఆమె గొంతు.

కోమలి మిషను మీద కాలు ఆపింది. “మా, ఒక మాట అడుగుతా. నాయన గడియారం దించేటప్పుడు నువ్వు అడిగినావా, యాడికి పోతాండావని?”

“లేదు.”

“ఎందుకు?”

తిరుమలమ్మ తన చేతుల వైపు చూసుకుంది. “అడిగితే చెప్పేస్తాడేమోనని.”

సూది కింద జాకెట్టు అట్లాగే ఉంది. కోమలి చెప్పులు వెతికింది. ఒకటి తనది దొరికింది, ఒకటి స్టెల్లాది. అవే వేసుకుని పరిగెత్తింది.

స్టేషనులో కాళ్ళు వాటంతట అవే ఆమెను చెన్నై వెళ్ళే ప్లాట్‌ఫారం వైపు తీసుకెళ్ళాయి. ఈ ఊరి నుంచి మనుషులు పోయేది అటే కదా. ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతికింది. లేడు. అప్పుడు పట్టాలకి అవతల, ఎదురు ప్లాట్‌ఫారం మీద, రెండు సంచుల మధ్య కూర్చుని వేరుశనక్కాయలు వలుచుకుంటూ కనిపించాడు.

సిగ్గుపడడానికి ఆమెకి టైము లేదు.

“యోగానందా! యాడికి పోతాండావు?”

ప్లాట్‌ఫారాలు రెండూ తిరిగి చూశాయి. అతను లేచి నిలబడ్డాడు. ఒడిలో కాయలు రాలిపోయాయి.

“తిరపతికి!”

“ఎప్పుడొస్తావు?”

“మధ్యాన్నం అన్నానికి!”

టీ అమ్మే ముసలాయన, “పాప అడిగింది చాలా ముఖ్యమైన ప్రశ్నప్పా,” అన్నాడు ఎవరితోనో.

కోమలి వంతెన ఎక్కి దిగేసరికి ఊపిరి అందడం లేదు. ఒక సంచి మూతి విప్పింది. ప్యాంట్లు, చొక్కాలు, సర్టిఫికెట్లు ఉంటాయనుకుంది. లోపల పాల ప్యాకెట్లు. కడిగి, ఆరబెట్టి, మడతలు పెట్టిన పాల ప్యాకెట్లు. బిస్కెట్ కవర్లు. షాంపూ పొట్లాలు. రెండో సంచిలోనూ అవే.

“ఇదేంది?”

“నా చెత్త,” అన్నాడు యోగానంద, దొరికిపోయిన దొంగలా. “ఆరు నెలలది. ఇట్లాంటివి నగరిలో ఎవురూ తీసుకోరు. తిరపతిలో ఒకాయన తీసుకుంటాడు. ఇంత చేసి చివరికి నా సంచులు కాలవ పక్కన తేలితే, మీరు వీధిలో ఇంకోసారి...”

“నేనా?”

“మీరే కదా అన్నారు, ముందు మీ ఇంట్లో చేసి చూపించమని. ఇంతకుముందు రెండుసార్లు ఒక్కనాడే అన్నీ మార్చేయాలనుకుని, రెండో వారానికే వదిలేసినాను. ఈసారి వారానికి ఒక్కటే అనుకున్నా. ఆరు నెలలు నిలబడితే అప్పుడు మీకు చెప్పాల, లేకుంటే నోరు తెరవకూడదని.”

“కుర్చీలు?”

“అంగన్‌వాడీకి.”

“బండి?”

“మా చిన్నాయన కొడుక్కి. ఆఫీసు నడిచేంత దూరమే కదా.”

“కూలరు?”

“అది మాత్రం తప్పే. మూడు వారాలు ఉడికిపోయినాను.”

ఆమె కళ్ళు తుడుచుకుంది. అనుమానం ఇంకా ఒకటి మిగిలింది.

“నీలం గీతల చొక్కా. నిజం చెప్పు. దానంతటదే చినిగిందా?”

అతను రైలు వస్తుందేమోనని అటు చూశాడు. రాలేదు. ఇటు చూశాడు.

“బ్లేడుతో కోసినాను,” అన్నాడు. “ఆ వారం చినిగినవి ఏమీ లేవు. శనివారం వచ్చేసింది.”

కోమలి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు మధ్యలో ఏడుపు దూరింది, మళ్ళీ నవ్వు దూరింది. అతను చేతిలో మిగిలిన నాలుగు కాయలు ఆమె దోసిట్లో పోశాడు.

“నేను పోయేవాణ్ణి కాదు కోమలీ.”

“ఇట్లాంటి మాటలు నమ్మే ఇల్లు కాదు మాది.”

“మరి ఎట్లా?”

“మా అమ్మనడుగు.”

*

చెప్పినట్టే మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి వచ్చాడు. తిరుమలమ్మ అన్నం పెట్టింది కానీ పీట వెయ్యలేదు. గుమ్మంలో నిలబడి అతను తినే ప్రతి ముద్దనీ చూసింది.

“నా కూతురి మీద ఇష్టమంటాండావంట.”

“అవునమ్మా.”

“ఇష్టం దీని నాయనకీ ఉండింది, నా మీద.” ఆమె చారు పోసింది. “నీ ఆధార్ కార్డులో ఏ ఊరుండాది?”

యోగానంద ముద్ద ఆగింది. “నాయుడుపేట. మా ఇంటి అడ్రసు.”

“ఆయన కాగితాలన్నీ వాళ్ళ ఊరి పేరు మీదే ఉండినాయి. ఓటు ఆడ, రేషను ఆడ. పన్నెండేళ్ళ కాపురంలో ఈ వీధి పేరు ఒక్క కాగితంలో ఎక్కించుకోలేదు. నేను కనిపెట్టలేకపోయినాను.” ఆమె కూతురి వైపు చూడకుండా అంది, “నువ్వు మార్చుకునిరా. మాటలు ఆమీట.”

“మా!” అంది కోమలి.

“మారుస్తానమ్మా,” అన్నాడు యోగానంద. “రేపే.”

అతని ఆఫీసులోనే ఆ పని జరుగుతుంది, కానీ వరసలో నిలబడ్డాడు. రోజులు పడతాయన్నారు. ఆ రోజులన్నీ తిరుమలమ్మ మెట్ల చప్పుడు వింటూనే ఉంది. పొద్దున దిగిన అడుగులు సాయంత్రం ఎక్కాయో లేదో. కోమలి కూడా వింది. నమ్మకం వచ్చాక కూడా చెవి మాత్రం అటే ఉంటుందని ఆమెకి అప్పుడే తెలిసింది.

పద్దెనిమిదో రోజు అతను షాపులోకి వచ్చి, కొత్త కార్డును రెండు చేతులతో తిరుమలమ్మకి ఇచ్చాడు.

తిరుమలమ్మ బడికి పోలేదు. సరుకులు చుట్టిచ్చిన పేపరు ముక్కలు చూసి, పొయ్యి ముందు కూర్చుని, తనంతట తానే అక్షరాలు కూడబలుక్కోవడం నేర్చుకుంది. చదివి వినిపిస్తానని స్టెల్లా చెయ్యి చాపితే ఇవ్వలేదు. వేలు పెట్టి అతని పేరు చదివింది. దాని కింద వరస దగ్గర వేలు ఆగింది. వెనక్కి జరిగి, మళ్ళీ మొదటి నుంచి వచ్చింది.

“కే... రాఫ్... తిరుమలమ్మ.”

కుట్టుమిషను ఆగింది.

“ఇది తప్పు పడినట్టుండాది నాయనా. ఈడ మీ పెద్దోళ్ళ పేరు కదా ఉండాల్సింది?”

“ఈ ఊర్లో నాకుండే పెద్దోళ్ళు మీరే కదమ్మా. అందుకే మీ పేరు రాయించినాను.”

తిరుమలమ్మ ఇంకోసారి చదివింది, ఈసారి పైకి వినపడకుండా. పెదవులు మాత్రమే కదిలాయి. తర్వాత ఆ కార్డును నిదానంగా కొంగులో పెట్టి ముడేసి, బొడ్లో దోపుకుంది.

“అమ్మా, అది నాకు ఆఫీసులో కావాల,” అన్నాడు యోగానంద కంగారుగా.

“ఇస్తాలే. నా దగ్గరే ఉంటాది,” అంది ఆమె, లోపలికి వెళ్తూ. “కావాల్సినప్పుడు యాడికి పోతాండావో చెప్పి తీసుకో. కోమలీ, పీట వెయ్యి.”