విప్పని కట్ట

యుయేతావ్ అత్త తన నోట్లో మట్టి కొట్టిందని తియెన్‌ఫా చెప్పని మనిషి ఆ ఊళ్లో లేడు. చెప్పడమే కాదు, రాసి మరీ పెట్టాడు. ఐదో క్లాసుతో ఆగిపోయిన చేతిరాతతో, ఎర్ర సిరాతో రాసి ఆవిడ కిరాణా కొట్టు తలుపుకే అంటించాడు: "ఈ కొట్లో ఉత్తరాలు మాయమవుతాయి. మీ ముద్రలు మీరు తీసుకుపోండి." అత్త ఆ కాగితాన్ని చించలేదు. అదే అతనికి మింగుడుపడలేదు. తప్పు చేయని మనిషైతే చించి మొహాన కొట్టదూ?

ఆ సంగతి తేల్చుకుందామనే అతను బస్సెక్కి తైనాన్ పట్నం వచ్చాడు. కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు పైన ఛో పీషా ఆఫీసు. ఇరవై ఏళ్లు బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టి, ఆ తరవాత సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్న మనిషి. ఆమె పక్కన నోటుపుస్తకంతో కూర్చున్న భారీ మనిషి పోహావ్ ఒకప్పుడు టాక్సీ నడిపేవాడు. మేడమ్ నోరు తెరిచినప్పుడల్లా గుళ్లో మంత్రం వింటున్నట్టు వింటాడు.

"మొదటినుంచీ చెప్పండి. తిట్లు తీసేసి చెప్పండి," అంది పీషా.

తియెన్‌ఫా చెప్పాడు. పాలచేపలు పెంచే చెరువొకటి ఉంది, మూడు ఫెన్‌ల అరవై మూడు పింగ్‌లు, అంటే ఎకరం కూడా ఉండదు. వాళ్ల అయ్య తవ్వింది. కాగితాల్లో ఎక్కువ వాటా పెదనాన్న కొడుకు తెంగ్‌క్వేది. ఎక్కువ వాటా ఉన్నవాడు మొత్తం అమ్ముకోవచ్చు. కాకపోతే మిగతా వాటాదారుకి ముందు ఉత్తరం రాయాలి. పదిహేను రోజుల్లో "నేనే కొంటాను" అంటే చెరువు అతనికే.

"ఉత్తరం వచ్చిందిట మేడమ్! సంతకానికి బదులు వేసే నా పేరు ముద్ర రసీదు మీద పడిందిట! నేను మాత్రం చూడలేదు. చెరువు సోలార్ పలకల కంపెనీకి పోయింది. నా వాటా డబ్బు బ్యాంకులో పడేశారు. డబ్బెవడిక్కావాలి? కొనడానికి డబ్బు నేనే సిద్ధంగా పెట్టుకున్నా."

"మీ ముద్ర ఆవిడ దగ్గరెందుకుంది?"

"పగలంతా చేపల మార్కెట్లో ఉంటాను. ఇంట్లో ఎవరూ లేరు. ఊళ్లో సగంమంది ముద్రలు ఆవిడ సొరుగులోనే ఉండేవి. పోస్టు వస్తే ముద్ర వేసి తీసుకుని, మనం కొట్టుకెళ్లినప్పుడు ఇస్తుంది. ఆ తెంగ్‌క్వే గాడు ఆవిడకి అనాసపండు కేకుల డబ్బా ఇచ్చి వెళ్లాడు, తెలుసా? అదీ అదే వారంలో! కావాలనే దాచిందని రుజువైతే కోర్టుకెక్కొచ్చని వకీలు చెప్పాడు. ఆవిడ చేత రాయించండి. అంతే నాక్కావలసింది."

"ఉత్తరం ఏ రోజు అందింది?"

"ఏడో నెల, పున్నమికి ముందు రోజు."

"అంటే మర్నాడే పెద్దల పూజ," అంది పీషా. ఆ ఒక్క ముక్క కింద పోహావ్ గీత గీశాడు. ఎందుకో తియెన్‌ఫాకి అర్థం కాలేదు.

* * *

కొట్టు వెలవెలబోతోంది. ఉప్పు చేపల జాడీలు, సబ్బులు, సోయా సాసు సీసాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కొనేవాళ్లే లేరు. తియెన్‌ఫా లోపలికి రాకుండా గుమ్మం బయట స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఎర్ర సిరా కాగితం అతని చెవి పక్కనే గాలికి టపటపలాడుతోంది.

"రామ్మా, కూర్చో. టీ తాగుతావా?" అంది యుయేతావ్ అత్త. డెబ్బై మూడేళ్లు. కొట్టంత పాతదైన ఏప్రన్. "నువ్వూ రారా తియెన్‌ఫా, ఎండలో ఎందుకు?"

అతను మొహం తిప్పుకున్నాడు. అమ్మ మంచాన పడ్డ రెండేళ్లూ ఆసుపత్రి నుంచి మందుల పొట్లం వచ్చిన ప్రతిసారీ ముద్ర వేసి, కొట్టు మూసి, నడిచొచ్చి మంచం పక్కన పెట్టి వెళ్లింది ఈవిడే. అది గుర్తొచ్చినప్పుడల్లా అతని గొంతులో చేపముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. మింగేసి మళ్లీ కోపం తెచ్చుకుంటాడు.

పీషా సొరుగు లాగి చూసింది. ముద్రలకి వేలెడు వెడల్పు గళ్లు నలభై ఉన్నాయి. మూడింటిలోనే కొయ్య ముద్రలున్నాయి. "తక్కినవి?"

"పట్టుకుపోయారమ్మా. వాళ్లనేం అంటాం?"

పోస్టుమాన్ షియెన్ పచ్చ చొక్కాలో అప్పుడే బండి ఆపాడు. "రసీదు మీద ముద్ర పడ్డాకే ఉత్తరం అత్త చేతిలో పెట్టాను మేడమ్, పదకొండు గంటలకి. పంతొమ్మిదేళ్లుగా ఈ రోడ్డు మీద తిరుగుతున్నా. అత్త ఉత్తరం పోగొట్టడమంటే సముద్రం ఉప్పు మర్చిపోవడమే."

"తరవాత ఏం చేశారత్తా?"

"సంచిలో పెట్టాను. అంతవరకూ గుర్తుంది. మర్నాడు పండగ కదా, కొట్టు కిక్కిరిసి ఉంది. ఎందులో పెట్టానో..." ఆవిడ తన చేతులకేసి చూసుకుంది. "పెట్టానో లేదో కూడా ఇప్పుడు అనుమానంగా ఉందమ్మా. వాడు అంతలా అంటుంటే."

"చేతికే ఇవ్వచ్చుగా?"

"చేతికిస్తే ఈ బల్లమీదే మర్చిపోతారు. గుడ్లు కొన్నవాళ్లకి గుడ్ల కింద, బియ్యం కొన్నవాళ్లకి బియ్యం పైన పెడతాను. ఇంటికెళ్లి ఏది ముందు విప్పుతారో అందులో. మా ఆయన నేర్పిన పద్ధతి. నలభై ఏళ్లలో ఒక్కటీ తప్పిపోలేదు."

"తెంగ్‌క్వే వచ్చాడా?"

"వచ్చాడు. 'తమ్ముడి ఉత్తరాలు ఇక్కడికే వస్తాయా, వాడికి సరిగ్గా అందుతాయా' అని అడిగాడు. కేకులిచ్చాడు. బళ్లోంచొచ్చే పిల్లలకి పంచేశాను."

గుమ్మం బయట నుంచి తియెన్‌ఫా అరిచాడు: "విన్నారా! ఒప్పుకుంది!"

"కేకులు ఒప్పుకుంది," అంది పీషా వెనక్కి తిరగకుండా. "ఆ రోజు మీరేం కొన్నారు?"

"బీరు. చేపల డబ్బాలు, బిస్కెట్లు, అగరొత్తులు. పైనున్న పెద్దలకి డబ్బుగా చేరేలా కాల్చే కాగితాలు నాలుగు కట్టలు. అన్నీ చూశాను. ఉత్తరం లేదు!"

పోహావ్ జేబులోంచి తన కొయ్య ముద్ర తీశాడు. "అత్తా, నాకూ రేపో ఎల్లుండో ఒక రిజిస్టర్ ఉత్తరం రావాలి. మీ దగ్గర తీసుకోనా?"

ఆవిడ కళ్లు నిండిపోయాయి. ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని, రెండు చేతులతో ముద్ర అందుకుని, ఖాళీ గడిలో పెట్టింది. తియెన్‌ఫాకి ఒళ్లు మండింది. తన ఫీజు తింటూ అవతలివాళ్ల సొరుగు నింపుతారా!

* * *

అతని ఇంటి వెనక రేకుల పంచలో, పెద్దలకి కాగితాలు కాల్చే ఇనప డబ్బా మూతపెట్టి ఉంది. మూత తుప్పుపట్టి బిగుసుకుపోతే పోహావ్ బలంగా లాగాడు. పాత బూడిద వాసనతోపాటు కాలిన ప్లాస్టిక్ కమురు గుప్పున కొట్టింది. తియెన్‌ఫా ఒకడుగు వెనక్కి వేశాడు. ఎందుకో తనకే తెలియలేదు.

"చివరిసారి ఎప్పుడు కాల్చారు?"

"ఆ పున్నమికే. ప్రతి నెలా కాల్చే ఓపిక నాకు లేదు. మళ్లీ సంవత్సరాదికే."

"కట్ట విప్పి కాలుస్తారా?"

"నన్ను పూజల పరీక్ష పెడుతున్నారా మేడమ్? మీరు వెతకాల్సింది ఉత్తరం!"

ఆమె నవ్వలేదు. "మా మిద్దె మీద మిరప మొక్కలున్నాయి. ఈ బూడిద కాస్త పట్టుకెళ్తాం."

పోహావ్ పెద్ద బిస్కెట్ డబ్బా నిండా, నల్లబడ్డ గడ్డలతో సహా, ఎత్తుకున్నాడు. పిచ్చిదాని చేతిలో పడ్డాననుకున్నాడు తియెన్‌ఫా. కానీ ఆ రాత్రి అతనికి నిద్రపట్టలేదు. కళ్లు మూసుకుంటే అయ్య గొంతే వినిపించింది. "కట్ట విప్పరా. ఒక్కొక్కటీ మడిచి, మంట చూసి వెయ్యి. గంపగుత్తగా పడేస్తే లోపల కాలదు. పైవాళ్లకి చిరిగిన నోట్లే అందుతాయి."

* * *

ఐదోరోజు మధ్యాహ్నం పీషా అందరినీ కొట్లోకి పిలిచింది. అత్త తన బల్ల వెనక. షియెన్ గుమ్మంలో. తెంగ్‌క్వే చేతులు కట్టుకుని బియ్యం బస్తా మీద కూర్చున్నాడు. తియెన్‌ఫా ఈసారి లోపలికి వచ్చాడు, తేలే రోజు కదా అని.

"పోహావ్, నీ రిజిస్టర్ ఉత్తరం వచ్చిందా?" అంది పీషా.

"లేదు మేడమ్. నిన్న వచ్చి సామాన్లు కొన్నా, అత్త ఏమీ అనలేదు."

"నిన్న పొద్దున్నే ముద్ర వేయించుకున్నా కదండీ!" అన్నాడు షియెన్.

తియెన్‌ఫా లేచి నిలబడ్డాడు. "చూశారా? ఇంకేం రుజువు కావాలి!"

అత్త మొహం పాలిపోయింది. "ఇచ్చానమ్మా... ఇచ్చాననే అనుకుంటున్నా..."

"నిన్న కొన్న సంచీ బల్లమీద పెట్టు పోహావ్. అలాగే, ఏమీ ముట్టుకోకుండా."

సబ్బు. నూడిల్స్. అగరొత్తులు. ఎర్ర దారంతో కట్టిన కాగితాల కట్ట ఒకటి.

"దారం విప్పు."

పోహావ్ విప్పాడు. కట్ట మధ్యలో, బంగారు రేకు కాగితాలకి సరిగ్గా నడుమ, తెల్ల కవరు పడుకుని ఉంది. పోహావ్ నోరు తెరుచుకుపోయింది. దాన్ని సంచిలో మోసుకు తిరిగినవాడు అతనే.

"ఆ ఉత్తరం నేను పంపిందే," అంది పీషా. "ఎక్కడ పెట్టిందో అత్తకి నిన్నటిదీ గుర్తులేదు, మూడు నెలల కిందటిదీ గుర్తులేదు. చెయ్యి మాత్రం మర్చిపోలేదు. ఏది ముందు విప్పుతారో అందులో పెడుతుంది. పెద్దలకి కాల్చే కాగితాలు విప్పకుండా ఎవరూ కాల్చరు. అది ఆవిడ నమ్మకం. నమ్మక ఏం చేస్తుంది?"

పీషా బిస్కెట్ డబ్బా మూత తీసి, నల్లటి గడ్డ ఒకటి కాగితం మీద పెట్టింది. "కట్ట మొత్తంగా మంటలో పడేస్తే అంచులు కాలతాయి, లోపలిది ఊపిరాడక మిగిలిపోతుంది. మొక్కలకని తీసుకెళ్లిన మీ బూడిదలో దొరికిందిది, తియెన్‌ఫా గారూ. అబద్ధం చెప్పినందుకు క్షమించండి. మిద్దె మీద నాకు మొక్కలు లేవు."

గడ్డ రెండుగా విడిపోయింది. లోపల మడతలో అరచేతిలో సగమంత కవరు ముక్క. లోపలి పేరు కనపడేందుకు కవరుకి అతికించే ప్లాస్టిక్ కరిగి ముద్దయి ఉంది. దాని పక్కన పోస్టాఫీసు చీటీ, చివరి నాలుగంకెలు మిగిలాయి. షియెన్ తన పుస్తకం తిప్పి, రసీదు అంకెలు పైకి చదివాడు. నాలుగూ అవే.

"ఇక్కడ దొంగ లేడు," అంది పీషా. "ఉత్తరం అందింది. మీ చేతుల్లోనే ఇంటికెళ్లింది. మీ చేతులతోనే కాలింది."

తియెన్‌ఫాకి అప్పుడు అంతా కళ్లకి కట్టింది. ఆ పున్నమి సాయంత్రం గోడ అవతల నుంచి పేకాట మిత్రులు కేకేస్తున్నారు. నాలుగు కట్టలూ దారాలతో సహా డబ్బాలో కుమ్మరించాడు. చిటపటమని ఏదో పేలింది. ప్లాస్టిక్ కమురు వచ్చింది. కాగితాల్లో ప్లాస్టిక్ ఏమిటి? ఒక్కక్షణం అనుకున్నాడు. పుల్లతో కెలికి చూడాలనుకున్నాడు. "ఏదైతేనేం" అని మూత పెట్టేసి వెళ్లిపోయాడు.

"నేను ఇరవై రోజులు ఆగాన్రా తమ్ముడూ," అన్నాడు తెంగ్‌క్వే నేలకేసి చూస్తూ. "పదిహేను చాలు. ఇరవై ఆగా. నువ్వు కొంటావనే అనుకున్నా. చప్పుడు లేకపోయేసరికి నీకు అక్కర్లేదనుకున్నా."

"ఫోన్ చేసి ఉండొచ్చుగా!" అని అరవబోయాడు తియెన్‌ఫా. సగంలోనే ఆగిపోయాడు. అయ్య దినం నాడు మాటామాటా పెరిగి, "మళ్లీ ఫోన్ చేస్తే చెప్పుతో కొడతా" అన్నది తనే.

పోహావ్ నోటుపుస్తకం మూసేశాడు. "మేడమ్, మీరు ఆ మొదటిరోజే, పున్నమి అనగానే..."

"ఊరుకో పోహావ్."

యుయేతావ్ అత్త బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. తియెన్‌ఫా తల వంచుకున్నాడు. కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

"నాదీ తప్పే నాయనా," అందావిడ. "పెట్టానని ఒక్క మాట నోటితో చెప్పాల్సింది. జనం ఎక్కువగా ఉన్నారు, చెప్పలేదు." తరవాత నెమ్మదిగా, ఓదారుస్తున్నట్టు అంది: "పోనీలే. చెరువు మీ అయ్యది. ఉత్తరం మీ అయ్యకే చేరింది."

ఆ మాటతో అతను బియ్యం బస్తాల మధ్య కూలబడిపోయాడు. యాభై మూడేళ్ల మగవాడు అలా ఏడవడం ఆ కొట్టు ఎన్నడూ చూడలేదు. షియెన్ బయటికెళ్లి బండి తుడుస్తున్నట్టు నటించాడు.

చాలాసేపటికి లేచాడు. గుమ్మం దగ్గరికి వెళ్లి ఎర్ర సిరా కాగితం తనే చించాడు. జిగురు గట్టిది. గోళ్లతో గీకాల్సి వచ్చింది. "అత్తా, కాగితం ఉందా?" అని అడిగాడు. ఆవిడ కాగితంతో పాటు నల్ల సిరా కలం కూడా ఇచ్చింది. అతను బల్లమీద వంగి, ఒక్కో అక్షరం నొక్కి రాశాడు. ఎప్పుడో కోపంగా లాక్కుపోయిన తన ముద్ర జేబులోంచి తీసి, కింద వేసి, దాన్ని సొరుగులో తన పాత గడిలోనే పెట్టాడు. కాగితం అంతకుముందున్న చోటే అంటించాడు. వీధి అవతల నుంచి ఒక ముసలాయన కళ్లజోడు సర్దుకుంటూ వచ్చి, పైకే చదివాడు:

"యుయేతావ్ అత్త ఉత్తరం దాచలేదు. నాకు ఇచ్చింది. విప్పకుండా కాల్చింది నేను. ఆవిడ మీద నేనన్నవన్నీ అబద్ధం. మీ ముద్రలు తెచ్చి మళ్లీ ఇవ్వండి. నా బద్ధకం వల్ల పోయింది మా అయ్య తవ్విన చేపల చెరువు, మూడు ఫెన్‌ల అరవై మూడు పింగ్‌లు."