పెదవుల సందు

ఆ కొండని మహానాయకుడి ముఖంగా చెక్కే పని ఏళ్ల తరబడి సాగుతోంది. దేశమంతా చూసి గర్వపడాలని సర్కారు తలపెట్టిన పని. నుదురు, కళ్లు, ముక్కు అయిపోయాయి. ఇప్పుడు అందరూ బక్కోడని పిలిచే డ్రిల్లు పనివాడూ, అతని అక్క మొగుడూ నడుముకి తాళ్లు కట్టుకుని వేలాడుతూ పెదవుల మధ్య సందు తొలుస్తున్నారు.

"ఈయన నోరు తెరిపించేసరికి మన నోట్లో దుమ్ము పడుతోందిరా," అని నవ్వాడు బావ.

మధ్యాహ్నం ఉన్నట్టుండి పొగమంచు కమ్మేసింది. చెయ్యి చాపితే వేళ్లు కనబడటం లేదు. ఎంత అరిచినా పైన తాళ్లు చూసుకునేవాళ్ల నుంచి పలుకు లేదు. చలికి పళ్లు టకటకలాడుతుంటే ఇద్దరూ ఆ సందులోకి దూరారు. తొలిచింది మూరెడే. కానీ కాళ్లు చాపుకుని కూర్చున్నా వెనకాల ఇంకా చోటుంది.

లోపల రాతి వాసన లేదు. ఎవరో రోగి చాన్నాళ్లుగా పడుకున్న గది వాసన. గోరువెచ్చటి గాలి ముఖానికి తగిలింది. ఆగింది. మళ్లీ లోపలికి పోయింది.

"బావా... ఇంత లోతు మనమే తొలిచామా?"

"ష్... లోపలెవరో మూలుగుతున్నారు. మనవాడెవడో ఇరుక్కున్నట్టున్నాడు."

"వద్దు బావా. అక్క మీద ఒట్టు."

"చూసొచ్చేస్తా. నా తాడు పట్టుకో."

తాడు చేతుల్లోంచి జారుతూ పోయింది. మెల్లగా... ఇంకా మెల్లగా... ఆగింది.

"బావా?"

లాగాడు. రాలేదు. అరచేతులు చిట్లేదాకా లాగాడు. కింద రాయి కదిలింది. పైరాయి నెత్తికి ఆనింది...

బక్కోడు తాడు వదిలేసి బయటికి దూకేశాడు. నడుముకున్న తాడు అతన్ని గాల్లో ఆపింది.

మంచు విడిచాక పైవాళ్లు దిగి చూశారు. సందు మూరెడే. వెనకంతా గట్టి రాయి. పైనుంచి దిగిన బావ తాడు ఆ రాతిలోకే దూరిపోయి ఉంది. ఇంజనీరు దాన్ని మొదలంటా కోయించాడు.

"జారి లోయలో పడ్డాడు. అంతే," అన్నాడు. "రేపు గడ్డం పని మొదలెట్టండి."

అక్కకి ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? బక్కోడు కాళ్లీడ్చుకుంటూ కూలీల షెడ్ల దాకా వచ్చాడు. అక్క గుమ్మంలోనే ఎదురై, పెదాల మీద వేలు పెట్టింది.

"మెల్లగా. మీ బావ ఇప్పుడే వచ్చి పడుకున్నాడు. ఏంటోరా, పిలిస్తే పలకడు. ఒళ్లంతా చల్లబడిపోయింది. దుప్పటి కప్పాను."

బక్కోడు గుమ్మం దగ్గరికి జరిగాడు. ఆమె భుజం మీదుగా లోపలికి తొంగిచూశాడు.

దుప్పటి కప్పుకుని ఎవరో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. ఆ మనిషి బరువుకి కింద ఇనప మంచం నాలుగు కోళ్లూ వంగిపోయి, నేలకి అతుక్కుపోయి ఉంది.